'బై బ్లడ్'లో ఆ 'బై'కి తెలుగేది?

— రెండు రోజులుగా ఒక ముక్క బుర్రలో తిరుగుతోంది. 2007లో అమెరికా ఆదివాసులైన చెరోకీలు, పౌరసత్వం రక్తసంబంధం ఉన్నవాళ్లకేనని ఓటేసి తమ రాజ్యాంగంలో చేర్చుకున్న 'బై బ్లడ్' అన్న మాటను వాళ్ల సుప్రీం కోర్టే 2021లో కొట్టేసింది కదా. దీన్ని ఎక్కడో తెలుగులో చదివాను. 'రక్తముచేత చెరోకీలు' అనో, 'రక్తరీత్యా' అనో ఉంది. ఏది సరి?

— 'చేత' ఎలా కుదురుతుందండీ! రక్తం చేత తన్నులు తిన్నట్టుంది. పంచమి ఏం పాపం చేసింది? వలన, కంటె, పట్టి. 'నెత్తుటిని బట్టి చెరోకీ'. అంతే.

— 'బట్టి' అంటే కొలత వచ్చేస్తుంది మాస్టారూ.

— రావాలి మరి! 1898 తర్వాత అమెరికా ప్రభుత్వం తెగల సభ్యుల పేర్లు రాసిన డాస్ జాబితాల్లో జరిగింది కొలతే. ఒక జాబితాలో పేరు పక్కన అర, పావు, వీసం అని రక్తపు పాలు. ఫ్రీడ్‌మెన్, అంటే చెరోకీల దగ్గర బానిసలుగా ఉండి విడుదలైనవాళ్లూ వాళ్ల సంతతీ, వీళ్ల జాబితాలో ఆ పాలే రాయలేదు. చెరోకీ తాతలున్నా, చూపుకి నల్లగా ఉన్నవాళ్లని చాలామందిని ఇందులోకే తోశారు. 1983లో ఫ్రీడ్‌మెన్ ఓటుకెళ్తే, రక్తపు పాలు చూపే కార్డేదని వెనక్కి పంపారు.

— అక్కా, 1866లో చెరోకీలు అమెరికాతో చేసుకున్న ఒప్పందం 9వ అధికరణంలో రక్తం ఊసే లేదు. విడుదలైన బానిసలకీ వాళ్ల సంతతికీ 'నేటివ్ చెరోకీల హక్కులన్నీ' అన్నారు. 2017లో ఫ్రీడ్‌మెన్ వైపు తీర్పిచ్చిన ఫెడరల్ జడ్జి పట్టుకున్నదీ దాన్నే. కాబట్టి తేల్చాల్సింది 'నేటివ్'. నేనైతే 'పుట్టు చెరోకీ' అంటా.

— పుట్టుగుడ్డి, పుట్టుమచ్చ, పుట్టు చెరోకీ! బాగుంది తమ్ముడూ.

— నవ్వండి. వేమన 'పుణ్య పురుషులు వేరయా' అన్నప్పుడు 'వేరు'లో చెట్టు వేరు కూడా వినిపించదూ? వేరున్నవాళ్లనే వేరుచేసి రాశారు. నాకు ఆ మాటే కావాలి.

— అది శ్లేష కాదు, మీ ముచ్చట. ఉప్పూ కప్పురమూ అన్న పద్యంలో వేళ్లెక్కడివి?

— వేమన్నని వదలండి. వీసం అంటే పదహారో వంతేగా? డాస్ జాబితాల్లో ముప్పై రెండో వంతులూ ఉన్నాయి.

— అది అరవీసం. మా తాత పొలం కాగితంలో ఉంది.

— ఇంతకీ 'రక్తముచేత' ఎక్కడ చదివానో ఎవరికైనా...

— ఆగండి, ఆ కాగితం ఫోటో పెట్టమనండి ముందు. 'అర' తర్వాత 'వీ'కి దీర్ఘం ఉందా లేదా చూడాలి.