ఈ నెల సమస్య: జాడిలోన నవ్వ జారి పడియె

పడమటి వాకిలి (నిర్వహణ) – మే 3

అందరికీ నమస్కారం. ఆవకాయ రోజులు వచ్చేశాయి, సగం మంది ఇళ్ళలో కత్తిపీటలు, ఎండలో ఆరుతున్న పాతచీరలు, ఘాటుకి తుమ్ములు, కాబట్టి సమస్య కూడా అక్కడి నుంచే తీసుకున్నాను. ఛందస్సు ఆటవెలది, నాలుగో పాదం ఇచ్చాను, మిగిలిన మూడూ మీవి.

జాడిలోన నవ్వ జారి పడియె

ఇక్కడ ‘జాడిలోన నవ్వ’ని జాడిలోనన్ + అవ్వ అని విడదీయాలి. అవ్వ జాడీలో పడడమేమిటని కొత్తవాళ్ళు కంగారు పడకండి. సమస్య అంటేనే అడ్డంగా ఉండాలి. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందని తెనాలి రామకృష్ణుడికి ఇచ్చారని చెప్పుకునే ‘కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్’ మనందరికీ తెలిసిందే కదా. పాండవులంతటి వాళ్ళు విరాటుడి కొలువులో చేరడాన్ని దానికి పోలిక తెచ్చి ఆయన దారి చూపాడంటారు. పాదం మార్చకుండా, అక్షరం తీయకుండా, అసంగతమైన మాటని సంగతంగా చేయాలి. మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగుల్లో ఐదూ సూర్యగణాలే. సూర్యగణం అంటే గురువు–లఘువు, లేదా మూడు లఘువులు; ఇంద్రగణాలు వాటికంటే పెద్దవి. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో కలవాలి. పూరణతో పాటు ఇంటి కబుర్లు కూడా రాయండి, అవి లేకపోతే నాకు తోచదు.

పప్పునూనె – మే 4

గోదావరి జిల్లా నుంచి నా పూరణ. మా చెల్లికి సంబంధం కుదిరింది, పోయిన నెలాఖర్లో నిశ్చితార్థం కూడా అయింది, జూన్‌లో పెళ్ళి. కొత్త ఉంగరం కాస్త వదులు. కారం, ఆవపిండి కలిపేటప్పుడు తీసి పక్కన పెట్టమని అమ్మ చెబుతూనే ఉంది, అది వినలేదు. తరవాత జరిగింది ఇదీ.

పెళ్ళి కుదిరె ననుచు పిన్నికిఁ జెప్పుచు
ముక్కఁ గలుపు చుండె ముద్దు చెల్లి
వేలి యుంగరమ్ము, వియ్యాలవారెల్ల
జాడిలోన నవ్వ, జారి పడియె

ఇక్కడ ‘నవ్వ’ అంటే నవ్వుతుండగా అని. అవ్వని తప్పించేశాను.

పడమటి వాకిలి – మే 4

ముందుగా చెల్లాయికి మా అందరి ఆశీస్సులు. గణాలు, యతులు శుభ్రంగా ఉన్నాయి. ‘నవ్వ’ని విరిచిన తీరు బాగుంది, నేను ఎదురుచూసిన దారుల్లో ఇదొకటి. కానీ అన్వయం దగ్గర ఇబ్బంది ఉంది. ‘వియ్యాలవారెల్ల జాడిలోన నవ్వ’ అని వరసగా చదివితే వియ్యంకులందరూ జాడీలో కూర్చుని నవ్వుతున్నట్టు అర్థం వస్తోంది. ‘జాడిలోన’ అన్నది ‘జారి పడియె’కి అతకాలి, మధ్యలో ‘నవ్వ’ అడ్డుపడింది. దూరాన్వయం అంటే ఇదే. పాదం మార్చడానికి లేదు కాబట్టి, నవ్వేవాళ్ళు నిజంగానే జాడీలో ఉండాలి, లేదంటే ‘అవ్వ’నే మరోలా వాడాలి. ఇంకోసారి ప్రయత్నించండి.

తులసికోట – మే 5

వైజాగ్ నుంచి. మావారికి మొన్న సంక్రాంతి తరవాత బీపీ ఉందని తేలింది, డాక్టరు గారు ఉప్పు, ఊరగాయలు బాగా తగ్గించమన్నారు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ ఒక్కరోజు కూడా తప్పలేదు, నిజంగా చాలా గట్టిగా నిలబడ్డారు. మేడ మీద పెంచుకుంటున్న బెండ, ఆనప వండిపెడితే ఉప్పు తక్కువైనా మారు మాట్లాడకుండా తిన్నారు. కొత్తావకాయ జాడీ మూత తీసిన రోజు మాత్రం ఆగలేకపోయారు. ఒక్క ముక్కే, వేడన్నంలో.

బీపి గలదటంచుఁ బెట్టిన నియమమ్ము
మూడు నెలలు నిలిచె ముచ్చటగను
నూనెఁ దేలు మావి నోరూరు ముక్కలు
జాడిలోన నవ్వ, జారి పడియె

పడమటి వాకిలి – మే 5

అమ్మా, ఇది దొరికింది! నేను పైన చెప్పిన ‘నవ్వేవాళ్ళు జాడీలోనే ఉండాలి’ అన్న షరతు మీరు ఎంత సహజంగా తీర్చారో చూడండి, ముక్కలే నవ్వాయి, నియమమే జారిపడింది, ఒక్క మాటా లాగినట్టు లేదు. పప్పునూనె గారూ, మీరిది రెండుమూడుసార్లు చదవాలి.

ఒకటే మాట. ‘నోరూరు ముక్కలు’ అన్నారు, నోరూరేది మనకి, ముక్కలకి కాదు. ‘నోరూరించు’ అనాలంటే గణం కుదరదు. ‘నూనెఁ దేలు మావి నున్నని ముక్కలు’ అంటే యతి నిలుస్తుంది, నూనెలో మెరిసే ముక్క కళ్ళకి కనబడుతుంది కూడా. ‘బీపి’ అన్యదేశ్యం కదా అని ఎవరైనా అంటారేమో, ఉండనివ్వండి. రక్తపోటు అని ఇంట్లో ఎవరం అంటాం? మీవారిని మాత్రం ఆ ఒక్క ముక్కతో ఆపమనండి.

పాలమూరు పిల్ల – మే 7

నమస్తే సార్, నేను ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. ఇంటర్ సెకండియర్ అయిపోయింది, ఎప్‌సెట్ టెన్షన్ ఉంది కానీ సాయంత్రాలు మట్టిబొమ్మలు చేస్తున్నాను, చెరువుమట్టి మా మామ తెచ్చిపెడతాడు. ఒక డౌటు, మా ఊర్లో అవ్వ అంటే అమ్మ. మా నాన్న ఇప్పటికీ మా నానమ్మని ‘అవ్వా’ అనే పిలుస్తాడు. ఏ అర్థం తీసుకోవాలి? నేనైతే నానమ్మ అనుకునే రాసిన.

సెలవులందు మట్టి బొమ్మలను జేసితి
తాత యొకటి, యవ్వ దాపు నొకటి
గాలి వచ్చి తోయ గట్టుపై నుండియే
జాడిలోన నవ్వ జారి పడియె

పడమటి వాకిలి – మే 7

రా తల్లీ, రా. అర్థం ఏదైనా తీసుకోవచ్చు, తల్లైనా, అమ్మమ్మైనా, ముసలమ్మైనా, ఒక్కో సీమలో ఒక్కో వాడుక, పద్యం దేనికి నిలిస్తే అదే సరి. నీ రెండు, మూడు పాదాలు తప్పుల్లేకుండా ఉన్నాయి, మొదటిసారి రాసేవాళ్ళకి ఇది తేలిక కాదు. మొదటి పాదంలో రెండు పొరపాట్లున్నాయి. ‘సెలవు – లందు – మట్టి – బొమ్మల’ వరకు బాగానే నడిచింది, తరవాత ‘ను జేసితి’ అని మిగిలింది. అది లఘువుతో మొదలై వెంటనే గురువు వచ్చే గణం, ఇంద్రగణాల్లో అలాంటిది లేదు. రెండోది, ‘సె’కి ‘బొ’ యతి చెల్లదు. మాటల వరస మార్చి చూడు:

సెలవులందు మట్టిఁ జేసితి బొమ్మలు

స, జ ఒకదానికొకటి యతిమైత్రి ఉన్న అక్షరాలు, ఎ–ఏ కూడా కలిశాయి. ఇందులో కొత్త మాట ఒక్కటీ లేదు గమనించావా, అన్నీ నువ్వు రాసినవే. పరీక్ష బాగా రాయి, అయ్యాక మళ్ళీ రా.

కొబ్బరాకు – మే 8

నాది క్రమాలంకారం. మూడు ప్రశ్నలు, మూడు జవాబులు నాలుగో పాదంలో వరసగా.

ఆవకాయ యెందు? నమ్మనుఁ గన్నట్టి
తల్లి యెవరు? నూనెఁ దడిసి నట్టి
గచ్చు మీద నేమి గావించె నల్లుడు?
జాడిలోన, నవ్వ, జారి పడియె

మా అల్లుడు నిజంగానే జారాడు, దెబ్బేమీ తగల్లేదు, మోకాలికి పసుపు రాసి పంపాం.

పడమటి వాకిలి – మే 8

సమస్య ఇచ్చినప్పుడు నా మనసులో ఉన్న మొదటి దారి ఇదే. ప్రశ్నకీ జవాబుకీ వరస చక్కగా కుదిరింది. ‘కన్నట్టి’, ‘తడిసినట్టి’ అని పక్కపక్క పాదాల చివర రెండు ‘నట్టి’లు పడ్డాయి, పాదం నింపడానికి వేసినట్టు తెలిసిపోతోంది. రెండోదాన్ని ‘నూనెఁ దడిసి మెఱయు’ అనండి, మూడు లఘువులు, సరిపోతుంది.

పప్పునూనె – మే 9

తులసికోట గారి పద్యం చదివాక నాది నాకే నచ్చలేదు. రెండు రోజులు కూర్చుని మూడో పాదం మార్చాను. ఈసారి చెల్లి అవ్వతో చెబుతోంది.

వేలి యుంగరమ్ము వెదకిన దొరకదు
జాడిలోన, నవ్వ! జారి పడియె

పడమటి వాకిలి – మే 9

సంబోధన! నాకు తట్టలేదు ఇది. ఒక్క ‘నవ్వ’ని నాలుగు రకాలుగా విరిచారు మీరంతా. ఉంగరం దొరికిందా మరి?

పప్పునూనె – మే 9

మూడో రోజు తిరగకలిపినప్పుడు దొరికిందండీ, టెంక ముక్కకి తొడిగినట్టుంది.

పెన్నగట్టు – మే 11

కడప జిల్లా మాది, ఉద్యోగం బెంగళూరులో. ఈ సమస్య చూసి వారం రోజులు రాయలేకపోయాను. మా అవ్వ పోయిన కార్తీకంలో పోయింది. ఆమె లేకుండా మా ఇంట్లో పెట్టిన మొదటి ఆవకాయ ఇది. ఆమె కొలత ఎవరూ రాసిపెట్టుకోలేదు. తవ్వ గిన్నెతో ముక్కలు ఐదు, కారం ఒకటి, ఆవపిండి ఒకటి, ఉప్పు ముప్పావు అని అమ్మ అంటుంది, కాదు ఉప్పు అంతకంటే తక్కువే అని చిన్నమ్మ అంటుంది. మా పక్క చెనిక్కాయ నూనెతోనే పెడతాం. ముక్కకి టెంక అతుక్కుని ఉండాల, జీడి తీసినాక లోపలి పొర ఒక్కొక్క ముక్కకీ గుడ్డతో తుడవాల, తడి తగిలితే బూజు. ఆ తుడిచే పని చిన్నప్పటి నుంచి నాది. ఈసారీ నేనే తుడిచినాను. ఆ తరవాత జరిగింది రాస్తున్నా.

పాత పటముఁ దుడువ బల్లపై నిలిచితి
చేయి దగిలి మూత చెదరి పోయె
నవ్వు మోముతోడ నా చేతి నుండియే
జాడిలోన నవ్వ జారి పడియె

పడమటి వాకిలి – మే 11

అన్నా, మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. ‘నవ్వు మోముతోడ’ అన్నాక ‘నవ్వ’ వచ్చేసరికి, అవ్వ అని తెలిసినా నవ్వే వినిపిస్తోంది. అది మీరు కావాలని పెట్టారో, వచ్చి కూర్చుందో అడగను. ఈ నెల పూరణల్లో సమస్యని దాటి బతికే పద్యం ఇది.

విమర్శ చెప్పకపోతే మీకు న్యాయం చేసినట్టు కాదు కాబట్టి చెబుతున్నాను. మూత చెదరదు, ఊడుతుంది. యతి కోసం ఆ మాట వచ్చిందని తెలుస్తోంది. ‘మోచెయి దగులంగ మూత యూడె’ అని చూడండి. మోచె – యిదగు – లంగ – మూత – యూడె, ఐదూ సూర్యగణాలే, మో–మూ యతి.

తులసికోట – మే 11

బాబూ, ఉప్పు సంగతి. ముప్పావు సరిపోతుంది, మూడో రోజు తిరగకలిపేటప్పుడు రుచి చూసి కావాలంటే అప్పుడు చేర్చుకోండి, ముందే ఎక్కువైతే తీయలేం. మా అత్తగారూ అలాగే చేసేవారు. ఫోటో పాడైందా?

పెన్నగట్టు – మే 14

మార్పు బాగుంది సార్, అట్లనే రాసుకున్నా. అమ్మా, మీరు చెప్పినట్టే ఈరోజు తిరగకలిపినాం, ఉప్పు సరిపోయింది, చిన్నమ్మ కూడా ఒప్పుకుంది. ఫోటో వెంటనే తీసి దూదితో అద్దినాను. ముఖానికి ఏం కాలేదు. కింద పక్క, అవ్వ చేతుల దగ్గర, కారం నూనె పట్టి ఎర్రగా అయింది. అమ్మ ఆ మరక తుడవద్దంది. అట్లనే ఫ్రేములో పెట్టి తగిలించినాం.