గ్రాంట్-కోర్స్ రాంచ్: చూపిస్తున్నది బంగళానా, పశువుల కథా?

మంచుదారి: అమెరికాలో ఎల్లోస్టోన్ పార్కు నుంచి గ్లేసియర్ పార్కుకి వెళ్తూ మోంటానా రాష్ట్రంలో డీర్ లాడ్జ్ ఊరి దగ్గర ఆగి ఈ రాంచ్, అంటే పశువుల్ని మేపే పెద్ద క్షేత్రం, చూశాం. టికెట్ లేదు. రేంజర్ వెంట తిప్పి 23 గదుల ఇల్లు చూపించారు, పరదాలు, నగిషీ కుర్చీలు, బోలెడు సామాను. అంతా చూశాక ఒక షావుకారు ఇంటికి వెళ్లొచ్చినట్టే ఉంది. 1886-87 చలికాలంలో పశువులు మందలు మందలుగా చచ్చిపోతే ఈ రాంచ్ యజమాని కాన్రాడ్ కోర్స్‌కి ఒక బ్యాంకరు లక్ష డాలర్లు అప్పిచ్చాడు, సరే, ఆ మంచులో మంద వెంట తిరిగిన కౌబాయ్‌కి ఏం మిగిలింది? దీన్ని చరిత్ర అంటే నేను ఒప్పుకోను.

పాలేరు_మనవడు: ఇంటి వెనక బంక్‌హౌస్‌కి వెళ్లకుండానే తీర్పు ఇచ్చేశారా అన్నా? పనివాళ్లు పడుకున్న గదులు, తిన్న బల్ల అక్కడే ఉన్నాయి. పైగా అది ఇంకా నడుస్తున్న రాంచ్, ఆవులున్నాయి, గడ్డి కోస్తారు, మా చిన్నోడి బూటుకి అంటిన పేడ కారులో గ్లేసియర్ దాకా వాసన కొట్టింది. 1972లో ప్రభుత్వం చేతికి వచ్చేదాకా కోర్స్ మనవడు పాత సామాను పారేయకుండా దాచబట్టే ఇదంతా మిగిలింది.

గడి_నీడ: సామాను మిగిలింది, భూమి సంగతో? కోర్స్ కోటి ఎకరాల్లో పశువుల్ని మేపాడని గొప్పగా చెప్తారు, అందులో చాలావరకు వాళ్ల సొంతం కాదు, కంచెల్లేని ప్రభుత్వ భూమి. అంతకుముందు అక్కడ అడవి దున్నలు (బైసన్), వాటిని వేటాడి బతికిన జనం. మా వైపు దొర గడిని బాగుచేసి, అద్దాలు తుడిచి, వెట్టి మాట ఎత్తకపోతే ఊరుకుంటామా?

పాలేరు_మనవడు: ఇల్లు కట్టింది కోర్స్ కాదు కదా. 1862లో జానీ గ్రాంట్ కట్టాడు, ఆయన భార్య క్వారా ఆ నేల ఆదివాసీ జనం మనిషే. బండ్లలో పడమటికి పోయేవాళ్ల డస్సిపోయిన పశువులు రెండు తీసుకుని ఒక బలమైనది ఇచ్చేవాడు, మంద అలా పెరిగింది. 1866లో కోర్స్‌కి అమ్మాడు.

మంచుదారి: ఆ క్వారా గురించి రెండు ముక్కలు విన్నట్టు గుర్తు, పరదాల గురించి పావుగంట విన్నాను. నా గొడవ అదే. బంక్‌హౌస్ చూడకపోవడం మాత్రం నా తప్పే, పిల్లలు ఆకలన్నారు.