క్వశ్చన్ ముందా, చదవడం ముందా? మా గైడ్‌తో గొడవ

సగం_థీసిస్:
మా గైడ్ రెండు నెలల నుంచి ఒకటే పాట, రీసెర్చ్ క్వశ్చన్ ఒక్క లైన్లో రాసి తీసుకురా, మిగతావి తర్వాత చూద్దాం అని. నాది "విద్యార్థులపై సోషల్ మీడియా ప్రభావం". ముందు చదివి, డేటా చూస్తే క్వశ్చన్ అదే దొరుకుతుంది కదండీ, ఉత్తినే కూర్చుంటే ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది?

లెక్కలపిచ్చి:
గైడే రైటు. మీరు రాసింది టాపిక్, క్వశ్చన్ కాదు. ఏ విద్యార్థులు, ఏ ప్రభావం, దేంతో పోల్చి? "పడుకునే ముందు గంటసేపు ఫోన్ పక్కన పెట్టిన డిగ్రీ పిల్లలు, పెట్టనివాళ్ళకంటే ఎక్కువసేపు నిద్రపోతున్నారా", ఇది క్వశ్చన్, ఎందుకంటే జవాబు "లేదు" అని కూడా రావచ్చు. మెడిసిన్ వాళ్ళ పికో ఇదే, పేషెంట్, ఇంటర్వెన్షన్, కంపారిజన్, ఔట్‌కమ్.
చదవడం ఓకే, చదవండి. కానీ డేటా చూశాక క్వశ్చన్ పుట్టించి ముందే అనుకున్నట్టు రాస్తే దాన్ని హార్కింగ్ అంటారు, 1998లో నార్బర్ట్ కెర్ అనే సైకాలజిస్ట్ పెట్టిన పేరు. ఏ సంబంధమూ లేని 20 విషయాల్ని 0.05 దగ్గర, అంటే లేని సంబంధం ఉన్నట్టు నూటికి ఐదుసార్లు కనబడొచ్చని ఒప్పుకుని, టెస్ట్ చేసినా సగటున ఒకటి సిగ్నిఫికెంట్, అంటే సంబంధం ఉంది, అని వచ్చి కూర్చుంటుంది. పెళ్ళయ్యాక ముహూర్తం పెట్టడమే ఇది.

ఫీల్డ్_డైరీ:
అంత కరాఖండీగా ఎందుకండీ, అందరూ లెక్కలే వెయ్యరుగా. ఇంటర్వ్యూలు చేసేవాళ్ళకి 1967 నుంచీ గ్రౌండెడ్ థియరీ ఉంది, గ్లేజర్, స్ట్రాస్ అనే ఇద్దరు సోషియాలజిస్టులది, అక్కడ డేటా సేకరిస్తూనే విశ్లేషిస్తారు, ప్రశ్న దారిలో పదునెక్కుతుంది. నేను "ఆన్‌లైన్ క్లాసులు ఎందుకు ఎగ్గొడతారు" అని వెళ్ళా. నాలుగో ఇంటర్వ్యూలో ఒకమ్మాయి "ఎగ్గొట్టను మేడమ్, కెమెరా ఆన్ చెయ్యమంటే వెనకాల మా ఇల్లు కనబడుతుందని ఆపేసి వెళ్ళిపోతా" అంది. నా క్వశ్చన్లో "ఎగ్గొట్టడం" అన్న మాటే తప్పని అప్పుడు తెలిసింది, ఇంట్లో కూర్చుని ఎంత ఆలోచించినా తెలిసేది కాదు.

లెక్కలపిచ్చి:
మార్చినట్టు పేపర్లో రాశారా?

ఫీల్డ్_డైరీ:
రాశా, మెథడ్స్‌లో ఒక పేరా అదే.

లెక్కలపిచ్చి:
అయితే మీతో నాకు పేచీ లేదు మేడమ్. నా గొడవ దాచేవాళ్ళతోనే. డేటాలో కొత్త ప్రశ్న కనబడితే ఎక్స్‌ప్లోరేటరీ, అంటే ఇంకా వెతుకులాటే, తేలింది కాదు అని చెప్పి, దాన్ని తేల్చడానికి కొత్త డేటా తెచ్చుకోవాలి, అదే డేటా రెండు పనులూ చెయ్యదు.

సగం_థీసిస్:
ఆ నిద్ర క్వశ్చన్ బావుంది, తీసుకోవచ్చా? కాకపోతే ఒకటి చెప్పలేదు, 140 మందితో గూగుల్ ఫామ్ ఆల్రెడీ నింపించేశా. 32 ప్రశ్నలున్నాయి. ఇప్పుడే మళ్ళీ చూశా, నిద్ర గురించి ఒక్కటీ లేదు.

ఫీల్డ్_డైరీ:
గైడ్‌కి తెలుసా ఈ 140 సంగతి?

సగం_థీసిస్:
సోమవారం చెప్తానండి.