ఫోర్ట్ బ్రాగ్ పేరు మళ్ళీ వెనక్కి తేవడం కరెక్టేనా?

రాలీవాసి:
మేం ఉండేది నార్త్ కరోలినాలో. ఇక్కడి పెద్ద ఆర్మీ బేస్‌కి 2023 జూన్‌లో ఫోర్ట్ లిబర్టీ అని పేరు పెట్టారు, 2025 ఫిబ్రవరిలో మళ్ళీ ఫోర్ట్ బ్రాగ్ చేశారు. మొదటి బ్రాగ్ ఏమో బ్రాక్స్‌టన్ బ్రాగ్, సివిల్ వార్‌లో (1860లలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం) దక్షిణం వైపు నిలబడి, బానిసత్వం నిలబెట్టాలని అమెరికా సైన్యం మీదే యుద్ధం చేసిన జనరల్. ఇప్పుడు చెప్తున్న బ్రాగ్ వేరు, రోలాండ్ బ్రాగ్ అని రెండో ప్రపంచ యుద్ధంలో సిల్వర్ స్టార్ పతకం వచ్చిన సిపాయి. మీరేమంటారు?

కరీంనగర్ నాన్న:
నేనైతే మంచిగైందంట. మా పిలగాడు ఆ బేస్‌లనే ఉండే 82వ ఎయిర్‌బోర్న్‌ల (పారాచూట్ దళం) ఉన్నడు, వాని దోస్తులు ఒక్కరు కూడా లిబర్టీ అననే అనలే. 1918 నుంచి ఉన్న పేరది, బ్రాగ్ అంటే వాళ్ళకు ఆ జనరల్ యాదికి రాడు, మొదటిసారి విమానంల నుంచి దుంకిన రోజు యాదికొస్తది. అసలు ఆ జనరల్ చాటనూగా యుద్ధంల ఓడిపోయినోడు, వాని మీద ఎవలకు ప్రేమ? గట్ల దక్షిణాది సైన్యపోళ్ళ పేర్లున్న తొమ్మిది బేసుల పేర్లు మార్చనీకి ప్రభుత్వ కమిషన్ వేసిన అంచనానే 2 కోట్ల 10 లక్షల డాలర్లు.

అగస్టా అక్క:
అన్నా, మీ అబ్బాయి మనసు నాకు అర్థమవుతుంది, కానీ ఖర్చు గురించి అంటే ఒకసారి మార్చాక మళ్ళీ మార్చడానికి కూడా డబ్బులవుతాయి కదా. నా బాధ అది కాదు, చేసిన పద్ధతి. ఆ పేర్లు తీసేయాలన్న చట్టాన్ని ట్రంప్ వీటో చేస్తే కాంగ్రెస్ ఆ వీటోని కొట్టేసి 2021 జనవరి 1న పాస్ చేసింది, అంటే రెండు పార్టీల వాళ్ళూ ఓటేశారు. చట్టం అలా ఉంది కాబట్టి ఆ జనరల్స్ పేర్లు నేరుగా పెట్టలేక అదే ఇంటిపేరున్న సైనికుల్ని వెతికి పట్టుకొచ్చారు. వర్జీనియాలో దక్షిణాది జనరల్ ఏ.పి. హిల్ పేరున్న బేస్ సంగతి చూడండి, ఆ మూడు అక్షరాలు రావడానికి ఆండర్సన్, పిన్, హిల్ అని ముగ్గురి పేర్లు కలిపి కుట్టారు! ముగ్గురూ మెడల్ ఆఫ్ హానర్ (అక్కడి అతి పెద్ద సైనిక పతకం) వచ్చినవాళ్ళు, ముగ్గురూ సివిల్ వార్‌లో ఉత్తరం వైపు పోరాడినవాళ్ళు, వాళ్ళు ఏ సైన్యంతో కొట్లాడారో ఆ సైన్యపు జనరల్ పేరు బోర్డు మీదకి రావడానికి వాళ్ళనే వాడుకున్నారు. 2025 జూన్‌లో ఫోర్ట్ బ్రాగ్‌లోనే నిలబడి ట్రంప్ వర్జీనియాలోని ఫోర్ట్ లీని దక్షిణాది సైన్యాధిపతి పేరుతో "ఫోర్ట్ రాబర్ట్ ఇ. లీ" అనేశారు, కాగితం మీద మాత్రం ఫిట్జ్ లీ అనే నల్లజాతి సైనికుడి పేరుంది.

ఇంక తీసేసిన పేర్లు ఎవరివో తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది. ఆర్థర్ గ్రెగ్ గారు కుర్ర ఆఫీసరుగా ఫోర్ట్ లీలో ఉన్నప్పుడు నల్లవాడని ఆఫీసర్స్ క్లబ్ గుమ్మం తొక్కనివ్వలేదు, ఆయనే త్రీ స్టార్ జనరల్ అయ్యి, 2023 ఏప్రిల్‌లో అదే బేస్‌కి తన పేరు పెడుతుంటే కూర్చుని కళ్ళారా చూశారు. 2024లో ఆయన పోయారు, ఏడాది తిరక్కుండా పేరు తీసేస్తున్నామని ప్రకటించేశారు. జార్జియాలో ఫోర్ట్ మూర్ అంటే వియత్నాం యుద్ధంలో దళాన్ని నడిపిన హాల్ మూర్ ఒక్కడే కాదు, ఆయన భార్య జూలియా కూడా. 1965లో వియత్నాంలో భర్తలు చనిపోయారన్న టెలిగ్రాములు టాక్సీ డ్రైవర్ల చేత ఇళ్ళకి పంపిస్తుంటే ఆవిడ ఆ ఇళ్ళకి వెళ్ళి ఆ ఆడవాళ్ళ పక్కన కూర్చుంది, ఆవిడ పోరు పెట్టాకే ఆర్మీ ఆ పద్ధతి మార్చుకుంది. ఆ పేరు పీకేసి బెన్నింగ్ అని పెట్టారు.

కరీంనగర్ నాన్న:
గ్రెగ్ సార్ ముచ్చట నాకూ మంచిగ అనిపియ్యలే అక్కా. గానీ లిబర్టీ అన్నది ఏ మనిషి పేరూ కాదు, తొమ్మిదింటిల ఇదొక్కటే గట్ల పెట్టిన్రు, పోరగాళ్ళకు అది ఎట్ల సొంతమైతది? రోలాండ్ బ్రాగ్ అయితే శత్రువుల అంబులెన్సు గుంజుకొని తోటి సిపాయిని బెల్జియంల దవాఖానకు తీస్కపోయి బతికిచ్చినోడు. ఆయన ఇంటిపేరు బ్రాగ్ అయితే ఆయన తప్పా?

అగస్టా అక్క:
ఆయన తప్పు ఎందుకవుతుంది అన్నా, ఆయన ఇంటిపేరు ఇంకోటైతే ఈ ఆఫీసుల్లో ఎవరైనా ఆయన ఫైలు తెరిచేవాళ్ళా అని అడుగుతున్నా. లిబర్టీ అతకలేదంటే నేనూ ఒప్పుకుంటా. మీ అబ్బాయి ఉన్న 82లోనే మొదటి ప్రపంచ యుద్ధంలో 132 మంది జర్మన్లని పట్టుకొచ్చిన ఆల్విన్ యార్క్ ఉన్నాడు, అదీ దక్షిణాది టెనెస్సీ రైతుబిడ్డ. ఫోర్ట్ యార్క్ అని పెట్టుంటే మీవాడు కాదనేవాడా?