తమ్ముడికి పెట్టుకున్న రికవరీ కంపానియన్ మధ్యలోనే మానేశాడు, డబ్బు వెనక్కి వస్తుందా?

మాది కూకట్‌పల్లి. తమ్ముడు తాగుడు మానే చికిత్స ముగించుకుని ఇంటికొచ్చాడు. మళ్లీ అటు పోకుండా రోజంతా తోడుండే మనిషిని పంపుతామంటే ఓ ప్రైవేట్ సంస్థకు 30 రోజులకు 90 వేలు ముందే గూగుల్‌పేలో కట్టాను. వచ్చినబ్బాయి ఆరు రోజులున్నాడు. సోఫాలో పడుకుని రీల్స్ చూడటమే పని. ఐదో రోజు సాయంత్రం తమ్ముడు సందు చివర వైన్స్ దగ్గర కనిపిస్తే, ఆయనగారు పక్క బండి దగ్గర మిర్చి బజ్జీలు తింటున్నాడు! ఏడో రోజు నుంచి రాలేదు, ఇంకొకరినీ పంపలేదు. అడిగితే, "నాన్ రిఫండబుల్ అని రాసుంది కదా మేడమ్" అంటున్నారు. నిజమే, రసీదు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

మిగతా 24 రోజుల డబ్బయినా రావాలి కదా? ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయాలా, లీగల్ నోటీసు పంపాలా, నేరుగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలా? ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదని తెలుసు. వాట్సాప్ చాట్లు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు ఉన్నాయి, అవి చాలా? నా అసలు టెన్షన్ వేరే: ఫిర్యాదులో తమ్ముడి పేరు, జబ్బు సంగతి రాయక తప్పదా? వాడికి సంబంధాలు చూస్తున్నాం. ఇలాంటి కేసు వేసినవాళ్లుంటే చెప్పండి, ప్లీజ్.