ఇంజిన్ వేడెక్కాక కార్బురేటర్‌లోంచి టప్పుమంటోంది, ఎక్కడ చూడాలి?

నాన్న వాడిన పాత కారు, నాలుగు సిలిండర్లు, ప్లగ్గులకి వరుసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పాతరకం, పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే కాంటాక్టులు) ఉన్నది. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. పావుగంట నడిచి ఇంజిన్ వేడెక్కాక, యాక్సిలరేటర్ నొక్కగానే కార్బురేటర్‌లోంచి టప్‌టప్‌మని కొడుతుంది, బండి ఈడ్చుకుంటూ పోతుంది. అప్పుడు ఆపితే అరగంట దాకా మళ్లీ స్టార్ట్ కాదు.

కొత్త ప్లగ్గులు వేశాను. పాయింట్ల గ్యాప్ 0.4 మి.మీ. పెట్టాను. ప్లగ్ వైర్ల వరుస 1-3-4-2, రెండుసార్లు సరిచూశాను. నిన్న డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పితే పాయింట్లు నీలంగా కాలి, ఒకవైపు గుంట, ఇంకోవైపు చిన్న మొటిమలా లోహం పేరుకుని ఉన్నాయి. వేసి నెల కూడా కాలేదు! అందుకే నా అనుమానం పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు తగ్గించే కండెన్సర్ మీద. కానీ టైమింగ్ లైట్ (స్పార్క్ సరైన సమయానికి పడుతోందో చూసే లైటు) పెట్టి చూస్తే, ఐడ్లింగ్‌లో కూడా టైమింగ్ గుర్తు నిలకడగా ఉండట్లేదు, అటూ ఇటూ ఊగుతోంది. డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే రోటర్ పట్టుకుని పక్కకి కదిపితే దాని షాఫ్ట్ కొంచెం ఆడుతోంది.

వేడెక్కాకే వస్తోంది కాబట్టి స్పార్క్‌కి హై వోల్టేజ్ ఇచ్చే కాయిల్ కూడా కావొచ్చా? మిక్స్చర్ లీన్‌గా (గాలితో పోలిస్తే పెట్రోలు తక్కువగా) ఉన్నా ఇలాగే కొడుతుందంటారు, మరి ఆగిపోయాక ప్లగ్ విప్పితే పెట్రోలుతో తడిగానే ఉంటోంది. ముందు కండెన్సర్ మార్చి చూడనా, డిస్ట్రిబ్యూటర్ దించి షాఫ్ట్ ఆడకుండా పట్టుకునే బుష్ వేయించనా? ఇలాంటిది బాగుచేసినవాళ్లు దయచేసి చెప్పండి. ఈ బండిని మూలన పడేయడం నాకు ఇష్టం లేదు.