స్లో కుక్కర్‌లో పంది మాంసం మెత్తగా రావడం లేదు, మీరు ఎలా చేస్తున్నారు?

తొలివంట:
స్లో కుక్కర్, అంటే సన్నని వేడి మీద గంటల తరబడి నిదానంగా వండే కరెంటు గిన్నె, కొని నెల రోజులైంది. అమ్మకు పళ్ల ఇబ్బంది ఉంది, మాంసం నమలలేకపోతోంది. పెద్ద ముక్క ఒకటి పొద్దున్నే పెడితే సాయంత్రానికి వెన్నలా అవుతుందని విని, ఆమె కోసమే కొన్నాను. నిన్న ఆదివారం ఒకటిన్నర కిలోల పంది మాంసం ముక్కకు ఉప్పు, మిరియాల పొడి, వెల్లుల్లి పట్టించి కుక్కర్‌లో పెట్టాను. ముక్క మునిగేదాకా నీళ్లు పోసి, 'లో' (తక్కువ వేడి) మీట మీద 9 గంటలు వదిలేశాను. వాసన ఇల్లంతా కమ్మగా వచ్చింది. తీరా కోస్తే కత్తి కింద పొడిపొడిగా రాలింది, నమిలితే దూది నమిలినట్టుంది. అమ్మ రెండు ముక్కలు తిని పళ్లెం పక్కన పెట్టేసింది. చుట్టూ అన్ని నీళ్లుండగా మాంసం ఎందుకు ఎండిపోయింది? వచ్చే ఆదివారం మళ్లీ చేద్దామనుకుంటున్నాను.

సన్నసెగ:
ఏ భాగం తెచ్చారు? అది తెలియకుండా ఏం చెప్పినా గుడ్డిగా చెప్పినట్టే.

తొలివంట:
వీపు భాగం. పొడుగ్గా, గుండ్రంగా, లేత గులాబీ రంగులో ఉంది. లోపల కొవ్వు లేదు, పైన మాత్రం పలుచని పొర ఉంది. శుభ్రంగా కనిపించిందని అదే తీసుకున్నాను.

సన్నసెగ:
చిక్కంతా అక్కడే ఉంది. మీ వంటలో తప్పు లేదు, ముక్క ఎంపికలోనే తేడా వచ్చింది. వీపు వెంట ఉండే ఆ కండకు జంతువు బతికినన్నాళ్లూ పెద్ద శ్రమ ఉండదు. అందుకే అది పుట్టుకతోనే మెత్తన. కాస్త ఉడికితే చాలు, ఎక్కువైతే పాడవుతుంది. భుజం అలా కాదు. బరువు మోసి, నడిచి, నేల తవ్వి గట్టిపడిన కండ అది. కండల మధ్య తెల్లగా, పొరలు పొరలుగా కనిపించేది కొలాజెన్. పచ్చిగా ఉన్నప్పుడు అది తాడులా గట్టిగా ఉంటుంది. 70 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో గంటల తరబడి ఉంటే కరిగి జిలటిన్ అవుతుంది. నోటికి తగిలే ఆ జిగురైన మెత్తదనం దానిదే. మీ ముక్కలో కరగడానికి కొలాజెనే పెద్దగా లేదు. 9 గంటల వేడికి కండలోని నీరంతా బయటికి వచ్చేసింది.

నీళ్లలో ఉన్నది ఎందుకు ఎండిందన్నారు కదా. మాంసం పీచులు వేడికి ముడుచుకుంటాయి. తడి బట్టను పిండినట్టు లోపలి నీటిని బయటికి నెట్టేస్తాయి. ముడుచుకున్న పీచు మళ్లీ ఆ నీటిని పీల్చుకోదు. చుట్టూ చెరువంత నీళ్లున్నా ఫలితం ఇదే.

వచ్చే ఆదివారం భుజం ముక్క తెచ్చుకోండి. కొవ్వు చారలు ఎక్కువగా ఉన్నది చూసి మరీ అడగండి. ఎముకతో దొరికితే ఇంకా మంచిది.

పాతమూకుడు:
సన్నసెగ గారు చెప్పినదానికి నా అనుభవం ఒకటి జోడిస్తాను. నేను మొదటిసారి భుజం ముక్క చేసినప్పుడు 5 గంటలకే ఫోర్క్ గుచ్చి చూశాను. రబ్బరులా సాగింది. ఎక్కువ ఉడికి గట్టిపడిందనుకుని కంగారుగా తీసేశాను, ఆ పూట ఎవరూ తినలేకపోయారు. నిజానికి అది ఎక్కువ ఉడకలేదు, సగంలో ఉంది. భుజం ముక్క మధ్యలో ఒకసారి బాగా గట్టిపడుతుంది. పీచులు అప్పటికే ముడుచుకుని ఉంటాయి, కొలాజెన్ ఇంకా కరిగి ఉండదు. ఆ దశలో ఓపిక పట్టాలి. వీపు ముక్క గట్టిగా ఉంటే సమయం మించిందని, భుజం ముక్క గట్టిగా ఉంటే సమయం చాలలేదని అర్థం. ఈ ఒక్క తేడా తెలియక నేను మూడు ముక్కలు పాడుచేశాను.

అయిందో లేదో గడియారం చూసి నిర్ణయించను. ఫోర్క్ గుచ్చి కొంచెం మెలితిప్పుతాను. ముక్క అంతా ఫోర్క్‌తో పాటు తిరిగితే ఇంకా కాలేదు. ఫోర్క్ ఒక్కటే తిరిగి, దాని చుట్టూ పీచులు విడిపోతే అయింది. ఎముక ఉంటే ఇంకా సులువు. పట్టుకుని లాగితే చిన్న ముక్కైనా అంటుకోకుండా తెల్లగా చేతిలోకి వచ్చేస్తుంది.

లెక్కలవంట:
థర్మామీటర్ ఉంటే ఇంత అనుమానం ఉండదు. పోయిన వారం 2 కిలోల ఎముక లేని భుజం ముక్కను 'లో' మీద పెట్టి రాసుకున్న అంకెలు ఇవి. 3 గంటలకు ముక్క నడిమధ్యన 62 డిగ్రీలు, 5 గంటలకు 78, 7 గంటలకు 88, ఎనిమిదిన్నరకు 94. 78 దగ్గర కోసి రుచి చూస్తే గట్టిగానే ఉంది. 88 దగ్గర కత్తితో చక్కగా ముక్కలు కోయవచ్చు. 94 దగ్గర వేళ్లతో విడదీయవచ్చు. ముక్కలుగా వడ్డించాలనుకుంటే 88 దగ్గర ఆపుతాను, పీచులుగా కావాలంటే 93 నుంచి 95 దాకా పోనిస్తాను. థర్మామీటర్ మొన ఎముకకు గాని, కొవ్వు గడ్డకు గాని తగలకూడదు. తగిలితే అంకె తప్పు వస్తుంది.

తినడానికి సురక్షితం కావడం వేరు, మెత్తబడటం వేరు. కోయని పెద్ద పంది మాంసం ముక్కకు 63 డిగ్రీలు, ఆ తర్వాత 3 నిమిషాల విరామం చాలని అమెరికా వ్యవసాయ శాఖ 2011లో ప్రకటించింది. అంతకుముందు 71 అనేవారు. 63 దగ్గర వీపు ముక్క రసంతో నిండుగా, లోపల కాస్త గులాబీ రంగుతో చాలా బాగుంటుంది. భుజం ముక్కను 63 దగ్గర తీస్తే సురక్షితమే గాని నమలలేరు.

ఉప్పుచిటికె:
నీళ్లు ఎంత పోయాలో ఎవరూ చెప్పలేదు. తొలివంట గారూ, ముక్క మునిగేదాకా పోయకండి. స్లో కుక్కర్ మూత కింద ఆవిరి చేరి, నీటి చుక్కలై మళ్లీ గిన్నెలోకే పడుతుంది, బయటికి పోయేది చాలా తక్కువ. మాంసమే బోలెడంత రసం వదులుతుంది. నేను అర కప్పుకు మించి పోయను. నీళ్లలో మునిగిన మాంసం రుచి నీళ్లలోకి దిగిపోయి, ముక్క చప్పగా మిగులుతుంది.

సన్నసెగ:
నేను అసలు నీళ్లే పోయను. రెండు పెద్ద ఉల్లిపాయలు చక్రాలుగా కోసి అడుగున పరిచి, వాటి మీద ముక్కను కొవ్వు వైపు పైకి వచ్చేలా పెడతాను. సాయంత్రానికి అడుగున రెండు కప్పుల రసం తయారవుతుంది.

ఉప్పుచిటికె:
ఉల్లిపాయలు ఉంటే సరే. మొదటిసారి చేసేవారికి మాత్రం అర కప్పు పోయమనే చెబుతాను. కొన్ని కుక్కర్లలో అంచుల దగ్గర వేడి ఎక్కువ, రసం ఊరేలోపు అడుగు మాడే ప్రమాదం ఉంటుంది.

ఇంకొకటి. ఉప్పు ముందు రోజు రాత్రే పట్టించండి. కిలోకు 10 నుంచి 12 గ్రాములు లెక్కగా రుద్ది, ఫ్రిజ్‌లో పెట్టండి. అప్పటికప్పుడు రుద్దిన ఉప్పు పైన పైనే ఉండిపోతుంది. రాత్రంతా ఉంటే లోపలికి దిగుతుంది, మాంసం నీటిని కొంత పట్టి ఉంచుకుంటుంది కూడా. మర్నాడు మళ్లీ ఉప్పు వేయనక్కర్లేదు.

వెల్లుల్లిరెబ్బ:
ముందు పెనం మీద ఎర్రగా వేయించి పెడితే రసం లోపలే ఉండిపోతుందంటారు. ఆ పని తప్పదా?

పాతమూకుడు:
వేయించడం వల్ల రసం లోపల ఆగదు. వేయించిన ముక్కలోంచీ అంతే కారుతుంది. అయినా నేను మానను, రుచి కోసం. మాంసం పైభాగం గోధుమ రంగుకు తిరగాలంటే 140 డిగ్రీలకు పైబడిన వేడి, పొడి ఉపరితలం కావాలి. స్లో కుక్కర్ లోపలి తడి వేడి నీరు మరిగే స్థాయిని దాటదు. అందులో ఎన్ని గంటలు ఉంచినా ఆ రంగు, ఆ కమ్మదనం పూర్తిగా రావు. మందపాటి మూకుడు బాగా కాగాక, ముక్కను బట్టతో తడి లేకుండా ఒత్తి తుడిచి పెట్టండి. పెట్టగానే చుయ్‌మని గట్టిగా చప్పుడు రావాలి. చప్పుడు లేకపోతే మూకుడు కాగలేదన్నమాట, ముక్కను తీసి ఇంకో నిమిషం ఆగండి. ఒక్కో వైపు 3, 4 నిమిషాలు కదపకుండా ఉంచాలి. మొదట అతుక్కున్న ముక్క, రంగు రాగానే తనంతట తానే విడుతుంది. చివర్లో మూకుడులో కాసిని నీళ్లు పోసి, అడుగున అంటిన మాడు రంగు పొరను గరిటెతో గీకి కుక్కర్‌లో పోస్తాను. రుచంతా అందులోనే ఉంది, దాన్ని కడిగి పారబోయడం నాకు మనసొప్పదు.

తీరిక లేని రోజు ఈ పని మానేసినా మెత్తదనానికి లోటేమీ రాదు.

లెక్కలవంట:
మూత గురించి కూడా చెప్పాలి. తీసిన ప్రతిసారీ లోపలి ఆవిరి పోయి, మళ్లీ వేడెక్కడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. గంటకోసారి తొంగి చూస్తే సాయంత్రానికి కావలసింది రాత్రికి గాని కాదు. నేను మొదటి 6 గంటలు ముట్టుకోను.

రాత్రివంట:
'హై' మీద పెడితే సమయం సగమవుతుంది కదా, మాంసం గట్టిపడుతుందా?

సన్నసెగ:
చాలా కుక్కర్లలో 'లో', 'హై' రెండూ చివరకు దాదాపు ఒకే వేడికి, అంటే నీరు మరగబోయే స్థాయికి చేరతాయి. 'హై' త్వరగా చేరుతుంది, 'లో' నిదానంగా చేరుతుంది. 2 కిలోల భుజం ముక్కకు 'లో' మీద 8 నుంచి 10 గంటలు, 'హై' మీద 5, 6 గంటలు పడుతుంది. రెండు విధాలా చేశాను. 'హై'లో చేసినది మెత్తగానే వచ్చింది గాని, అంచులు కొంచెం పొడిబారాయి. ఇంట్లో ఉండే రోజైతే 'లో' మీదే పెడతాను.

ఇంటిపట్టు:
మాంసాన్ని గడ్డకట్టినది గడ్డకట్టినట్టు కుక్కర్‌లో వేయకండి, దయచేసి. ఈ విషయంలో ఎవరైనా అశ్రద్ధ చేస్తున్నారంటే నాకు భయమేస్తుంది. 4 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. స్లో కుక్కర్ అసలే నిదానంగా వేడెక్కుతుంది. లోపల మంచుగడ్డ ఉంటే ముక్క ఆ వేడిలోనే గంటల తరబడి ఉండిపోతుంది. ముందు రోజే ఫ్రిజ్‌లోకి మార్చి పూర్తిగా కరగనివ్వండి, పెద్ద ముక్కకు 24 గంటలకు పైనే పట్టవచ్చు. గిన్నె సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా నిండితే చాలు. 'వార్మ్' అన్న మీట వండినదాన్ని వేడిగా ఉంచడానికే, దాని మీద వండకూడదు. మీరు బయటికి వెళ్లినప్పుడు కరెంటు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే ఆ మాంసం పారేయండి, చూడటానికి ఉడికినట్టున్నా సరే. మిగిలినది 2 గంటల లోపు చిన్న గిన్నెల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి. మళ్లీ వేడి చేయడం పొయ్యి మీదే.

వెల్లుల్లిరెబ్బ:
బంగాళాదుంపలు, క్యారెట్లు వేసేవారు మాంసం కింద వేయండి. పైన వేస్తే మాంసం అయ్యాక కూడా అవి గట్టిగానే ఉంటున్నాయి.

పాతమూకుడు:
ఈ పరికరం వెనక కథ నాకు చాలా ఇష్టం. ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన అమెరికాలో 1940లో దీనికి పేటెంటు పొందారు. తరవాత రైవల్ అనే సంస్థ ఆయన వ్యాపారాన్ని కొని, 1971లో క్రాక్‌పాట్ పేరుతో అమ్మింది. పొద్దున్న ఉద్యోగానికి వెళ్తూ పెట్టి, సాయంత్రం వచ్చి తినే పద్ధతి ఇంటింటికీ చేరింది అప్పటినుంచే.

తొలివంట:
అందరికీ నమస్కారం. ఈ ఆదివారం మీరు చెప్పినట్టే చేశాను. ఎముకతో ఉన్న భుజం ముక్క, 1.8 కిలోలు. శనివారం రాత్రి 20 గ్రాముల ఉప్పు పట్టించాను. పొద్దున్న మూకుడులో నాలుగు వైపులా వేయించి, ఉల్లిపాయ చక్రాల మీద పెట్టి, గీకిన రసం అర కప్పు పోశాను. 'లో' మీద పెట్టి 6 గంటలదాకా మూత తీయలేదు. అప్పుడు ఫోర్క్ తిప్పితే ముక్క కూడా తిరిగింది. పాతమూకుడు గారి మాట గుర్తు తెచ్చుకుని మూత పెట్టేశాను. 8 గంటలకు పైభాగం విడిపోయింది, ఎముక దగ్గర ఇంకా పట్టు ఉంది. తొమ్మిదింబావుకు ఎముక చేతిలోకి వచ్చింది.

20 నిమిషాలు పక్కన ఉంచి, రెండు ఫోర్కులతో పీచులుగా విడదీసి, అడుగున ఉన్న రసం రెండు గరిటెలు పోసి కలిపాను. అమ్మ మొత్తం తింది. ఇంకొంచెం పెట్టమని పళ్లెం ముందుకు జరిపింది. ఈ మధ్య ఏ వంటకూ ఆమె అలా అడగలేదు. మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

ఒక్క సందేహం. మిగిలిన రసం గిన్నెలో పోసి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున చూస్తే పైన తెల్లటి కొవ్వు పలక కట్టింది, కింద రసం గట్టిపడి గిన్నె కదిపితే వణుకుతోంది. పాడైందా?

సన్నసెగ:
పాడవలేదు. కొలాజెన్ కరిగి తయారైన జిలటిన్ అదే, చల్లారితే అలా గడ్డకడుతుంది. మాంసం సరిగ్గా ఉడికిందనడానికి అంతకంటే గుర్తు లేదు. కొవ్వు పలకను స్పూనుతో ఎత్తి తీసేయండి, కింది ముద్దను మిగిలిన మాంసంలో వేసి పొయ్యి మీద సన్నమంటన కరిగించండి.

తొలివంట:
కరిగించాను. రెండు నిమిషాల్లో రసమైపోయి, ప్రతి పీచుకూ పట్టుకుంది. నిన్నటికంటే ఈరోజే రుచిగా ఉందని అమ్మ అంటోంది.